చెల్లెలికి దొరికిన జన్యువు

మా చెల్లెలి అదృష్టం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే ల్యాబ్‌లో పనిచేస్తాం. పశువుల తెల్ల రక్తకణాల్లో క్రిముల్ని చంపే చిన్న ప్రొటీన్ ముక్కలుంటాయి, పెప్టైడ్లంటారు. వాటిని తయారుచేసే జన్యువుల్ని వెతకడం మా పని. ఈ జన్యువుల్లో ముందు భాగం ఇంచుమించు ఒకటే, తోక మాత్రం దేనిది దానిదే. అందుకని ముందు భాగాన్ని గాలంగా వేసి, కొత్త తోక తగులుతుందేమోనని చూస్తాం.

నేను ఏళ్ల తరబడి గొర్రెల్లో గాలం వేశాను. లోకానికంతా తెలిసినవే తగిలాయి. నిన్నగాక మొన్న చేరిన ఇది మేకల్లో వేసింది, మొదటిసారికే కొత్తది తగిలింది! నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పోయిన వారం వంటగదిలో ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, “అక్కా, తప్పులేమన్నా ఉంటే చూడవూ” అంది. చూశాను. తోక మధ్యలో ఒక్క అక్షరం మారి ‘ఆగు’ అనే సంకేతం పడింది. కణం ఆ పెప్టైడ్‌ని సగంలోనే వదిలేస్తుంది. చచ్చిన జన్యువన్నమాట. నా కడుపు చల్లబడింది.

“బాగుందే” అన్నాను, ఉల్లిపాయలు తరుగుతూ.

ఇవాళ మీటింగులో అందరి ముందూ లేచింది. ఇది నెగ్గితే కొత్త ప్రాజెక్టు దానిదే, నేను దాని కింద పనిచేయాలి. అక్కని! సగం కాకముందే చెయ్యెత్తాను.

“తోక మధ్యలోనే ఆగిపోతోంది కదమ్మా? పనిచేయని జన్యువుకి ఇంత హడావిడి ఎందుకు?”

మా ల్యాబ్ పెద్దసారు కళ్లజోడు సవరించుకున్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

చెల్లెలు తెర మీద తర్వాతి బొమ్మ వేసింది. “ఆగేది నేను మొదట చూసిన ఈ ఒక్క మేకలోనే. మందలో మిగతావాటికి జన్యువు పూర్తిగా ఉంది. మాటిమాటికీ పొదుగువాపు వచ్చేది కూడా ఈ మేకకే. ఆ లోపం వల్లేనా అన్నది ఇప్పుడు తేల్చాలి.”

“అసలు సంగతి ఇదేనమ్మా!” అంటూ పెద్దసారు కుర్చీలోంచి లేచారు. ప్రాజెక్టు దానిదైపోయింది.

బయట వరండాలో నన్ను పట్టుకుంది. ఏమన్నా అంటే నాలుగు దులిపేద్దామని సిద్ధంగానే ఉన్నాను.

“హమ్మయ్య, ఇవాళైనా నీకూ తట్టింది” అంది. “ఆ రోజు బాగుందన్నావా, నాకేమో ఆ ‘ఆగు’ కనబడుతోంది. అక్క కంట పడలేదంటే నేనే పొరబడి ఉంటానని ఆ మేకకి మళ్లీ చేసి, మందలో మిగతావాటికీ చేసి చూశాను. లేకపోతే ఆ మేకతోనే వదిలేసేదాన్ని.”

చెయ్యి పట్టుకుని క్యాంటీన్ వైపు లాక్కుపోయింది. దాని నమ్మకం చూసి కూడా నాకు ఏడుపే. అలా ఒకర్ని నమ్మడం నాకెప్పుడూ చేతకాలేదు.