అన్న స్టీరింగ్, తమ్ముడి థ్రాటిల్

పంపుల కంపెనీలో అందరూ ఆయన్ని పెద్దసారు అంటారు. యాభై దాటాక ఆయనకు సముద్రం మీద స్పీడు బోట్ల పందేల పిచ్చి పట్టుకుంది. పట్టిన పని వదిలే రకమా ఆయన? మూడేళ్లు తిరిగేసరికి ఛాంపియన్‌షిప్ గుమ్మం దాకా వచ్చేశాడు.

ఆ బోటు ఒక్కడు నడిపేది కాదు. పక్కపక్కనే రెండు సీట్లు. ఒకరు స్టీరింగ్ పడితే రెండోవారు థ్రాటిల్ చూడాలి. బోటు అల మీంచి గాల్లోకి లేచినప్పుడల్లా ఇంజను వేగం తగ్గించాలి, నీళ్లు తగలగానే మళ్లీ అందించాలి. క్షణం ఆలస్యమైతే ఇంజను పోతుంది. పేపర్లో ఫొటో మాత్రం స్టీరింగ్ పట్టినవాడిదే పడుతుంది, అది వేరే సంగతి. ఇక్కడ స్టీరింగ్ పెద్దసారుది, థ్రాటిల్ ఆయన తమ్ముడిది.

తమ్ముడికి నాలుగు నెలలుగా నడుం నొప్పి. "ఈ ఫైనల్ కానీరా, తర్వాత పెద్ద డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు అన్న. తమ్ముడు తలూపాడు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ వాడు అన్న మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

ఫైనల్ రోజు సముద్రం మహా మొండిగా ఉంది. ఆఖరి రౌండులో వీళ్ల బోటే ముందుంది. ఒక పెద్ద అల మీంచి ఎగిరి దబ్బున పడింది. హెల్మెట్‌లోని మైకులో తమ్ముడి గొంతు వినిపించింది.

"అన్నయ్యా, నాకు కాళ్లు తెలియట్లేదు. ఆపేయనా?"

మాట స్పష్టంగానే వినిపించింది. థ్రాటిల్ వాడి చేతిలోనే ఉంది, వెనక్కి లాగేస్తే సరిపోయేది. అయినా అడిగాడు. పెద్దసారు జవాబు చెప్పకుండా ముందుకే చూస్తూ ఊరుకున్నాడు. తమ్ముడు మళ్లీ అడగలేదు. మిగిలిన మూడు నిమిషాల్లో ఒక్క అల దగ్గర కూడా వాడి చెయ్యి తప్పలేదు.

గెలిచారు. అన్న లేచి జనానికి చేతులూపాడు. తమ్ముడు లేవలేదు.

వెన్ను నలిగిపోయిందనీ, ఇక నడక మీద ఆశ పెట్టుకోవద్దనీ డాక్టర్లు చెప్పారు. పెద్దసారు రోజూ ఆసుపత్రికి వెళ్లేవాడు. నీ మాట నాకు వినపడిందని ఈరోజు చెప్పేయాలి అనుకుంటూ వెళ్లడం, దిండు సర్ది వచ్చేయడం. మీటింగుల్లో వందమందిని గడగడలాడించే మనిషికి తమ్ముడి ముందు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చేవాడు.

తొమ్మిదో రోజు మరదలు అంది, "మైకు పాడైందట కదా బావగారూ. ఈయన ఎంత పిలిచినా మీకు వినపడలేదట."

పెద్దసారు తమ్ముడి వైపు చూశాడు.

"నీళ్లు పోయుంటాయి అందులో" అన్నాడు తమ్ముడు, పైకప్పు చూస్తూ.

"వినపడుంటే మీరు ఆపేసేవారే కదా" అంది మరదలు. అందులో నిష్ఠూరమేమీ లేదు. ఆ పిల్ల నిజంగానే నమ్మింది.

ఇప్పుడు తమ్ముడు అన్న ముఖంలోకే చూస్తున్నాడు. వాడు ఎదురు చూస్తున్నాడని పెద్దసారుకు తెలుస్తూనే ఉంది.

"ఆపేసేవాణ్ణేనమ్మా" అన్నాడు.

తమ్ముడు చూపు తిప్పుకున్నాడు.

"అన్నయ్యా, రేపట్నుంచి నువ్వు రాకు" అన్నాడు తమ్ముడు.

మరదలు బిత్తరపోయింది. "అదేం మాటండీ?"

"ఏం లేదు. ఆయనకి బోలెడు పనులుంటాయి" అన్నాడు తమ్ముడు.