కాలువ మట్టితో పూడ్చిన గోడ

సెల్లార్ గోడకు బయటివైపు నల్ల షీటు అంటించే పని శుక్రవారంతో అయిపోయింది. నేల కింద గది కడితే దాని గోడలోకి నీరు దిగకుండా ఏం చేశామో టౌన్ ప్లానింగ్ ఇంజనీరు కళ్ళతో చూడాలి. చూశాకే చుట్టూ తవ్విన గొయ్యి పూడ్చాలి. ఆయన సర్టిఫికెట్ రాసిస్తేనే ఈ కొత్త ఇంట్లో చేరాలి. నా కోడలు హారతి ఈ మాట మేస్త్రి పల్లంరాజుకు నా ఎదురుగానే చెప్పి, మగ్గం వర్కుకు పూసలూ జరీ తేవడానికి రాజమండ్రి బస్సెక్కింది. నేను మా అద్దె గదిలో ఉన్నాను. సాయంత్రం ఆమె తిరిగొచ్చాక ఇద్దరం వచ్చి చూస్తే గొయ్యి లేదు. నున్నగా నల్లమట్టి పరిచి ఉంది.

“ఏంటండీ ఇది, పల్లంరాజు గారూ! ఏం చెప్పి వెళ్ళాను మీకు?”

“కాలవ పూడిక తీస్తన్నారమ్మా. ట్రాక్టర్లు మన వీధిలోంచే పోతన్నాయి. మనం వద్దంటే పక్కవాడు దింపించేసుకుంటాడు. ఊరికే వచ్చే మట్టండి బాబూ!”

మా వైపు ఎవరైనా అదే చేస్తారు. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసి అడుగున పూడిక తీస్తుంటే, పల్లపు స్థలాలున్న వాళ్ళంతా ఆ మట్టి కోసం కాచుకుని ఉంటారు. ట్రాక్టరు కనబడితే పల్లంరాజుకు హారతి మాట గుర్తుంటుందా!

ఈ గోడ గురించి నేనెందుకింత కంగారు పడ్డానో చెప్పాలి. నా కొడుకు కిరణ్ పోయాక, వాళ్ళకు పిల్లలు కూడా లేరు కాబట్టి, హారతిని వాళ్ళ నాన్న అప్పాజీ గారు సామర్లకోట తీసుకుపోతానన్నారు. హారతి వెళ్ళలేదు. “కింద మగ్గాలు వేసుకుంటాను, పైన మనిద్దరం ఉందాం అత్తయ్యా,” అంది. భీమవరంలో ఆమె ఉండడానికి ఆ కింద గది తప్ప మరో కారణం లేదు. నా మీద జాలి ఎన్నాళ్ళుంటుంది? మా ఇంట్లో వెళ్ళొస్తానన్న వాళ్ళు తిరిగి రాలేదు. మా ఆయన కాకినాడ ఆసుపత్రికి అలాగే వెళ్ళారు. కిరణ్ బండి స్టార్ట్ చేస్తూ అదే అన్నాడు.

సోమవారం ఇంజనీరు సుధాకర్ గారు వచ్చి మట్టి వంక చూశారు.

“షీటేదండీ?”

“లోపలుందండి. బంగారంలా అంటించామండి,” అన్నాడు పల్లంరాజు.

“బంగారమైతే పూడ్చిపెట్టారు, బాగానే ఉంది. నేనేం చూసి రాయను?”

హారతి ఫోన్‌లో ఫోటోలు చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. “కాలువ పారితే ఇక్కడ నాలుగడుగుల్లోనే నీరమ్మా. మట్టి వేసేటప్పుడు షీటు ఏమైందో ఫోటోలో తెలీదు. గురువారం కాలువలకు నీళ్ళు వదులుతారంటున్నారు. ఈలోగా తవ్వి చూపించండి, రాసిస్తాను.”

జేసీబీ పెడితే దాని పళ్ళకు షీటు చిరుగుతుందని పారలతోనే తవ్వించాం. హారతి కొంగు బిగించి గొయ్యిలోకి దిగింది. నేను గట్టున కూర్చుని మట్టి నింపిన గమేళాలు అందుకున్నాను. వద్దంటే విననని ఆమెకు తెలుసు. బుధవారం మధ్యాహ్నానికి గోడ బయటపడింది.

షీటు నిండా నత్తగుల్లలు, ఆల్చిప్పలు, సీసా పెంకులు దిగబడి ఉన్నాయి. అన్నీ కాలువ అడుగున ఉండేవే. షీటుకూ మట్టికీ మధ్య అడ్డు పెట్టాల్సిన అట్టలు కట్ట విప్పకుండా వరండాలోనే ఉన్నాయి. హారతి అరచేత్తో షీటు మీద రాస్తూ నడిచింది. అడుగడుక్కీ చెయ్యి ఆగిపోతోంది.

“మెత్తటి మట్టనుకున్నానమ్మా,” అన్నాడు పల్లంరాజు.

కొత్త షీటు విజయవాడ నుంచి రావాలి. అది రాకముందే కాలువలో నీళ్ళొచ్చాయి. గొయ్యి అడుగున మొదట చెమ్మ, తర్వాత ఊట. నేను సెల్లార్‌లోకి దిగి గోడకు పాత చీరలు అదిమి పట్టుకున్నాను. ఒకటి తడిస్తే ఇంకొకటి. సుధాకర్ గారు వచ్చి మెట్ల మీదే ఆగిపోయారు.

“లేవండమ్మా. తడి గోడకు షీటు అతకదు. మళ్ళీ కాలువలు కట్టేశాక, వచ్చే వేసవికి చేయించుకోవాలి. లేదంటే ఈ గది ఇసుకతో నింపేయండి. పై ఇంటికి ఇప్పుడే రాసిస్తాను.”

“నింపేద్దాం,” అన్నాను వెంటనే. “పల్లంరాజూ, ఇసక తెప్పించు.”

“నింపేస్తే మగ్గాలెక్కడ వెయ్యనత్తయ్యా?”

“పైన హాల్లో వేసుకో. నేను వంటింట్లో పడుకుంటాను.”

“మీరు పొయ్యి పక్కన పడుకుంటే నేను దర్జాగా పూసలు కుట్టుకోవాలా? బాగానే ఉంది వరస!” అంది. నవ్వబోయి ఏడ్చింది.

మర్నాడు అప్పాజీ గారు కారులో వచ్చారు. కూతురి చేతులకు లేచిన బొబ్బలు చూసి ఆయన ముఖం మారిపోయింది.

“అక్కయ్యగారూ, ఏమీ అనుకోకండి. వేసవి దాకా మా దగ్గరుంటుంది. తర్వాత సంగతి తర్వాత.”

హారతి నా వైపు చూసింది. అప్పుడే ఇసుక ట్రాక్టరు వచ్చి గుమ్మంలో ఆగింది.

“దింపేయమంటారా అమ్మా?” అన్నాడు పల్లంరాజు.

దింపిస్తే ఇంటికి సర్టిఫికెట్ వస్తుంది, నేను పైన ఉంటాను. హారతి తిరిగి రావడానికి మాత్రం ఏమీ మిగలదు. దింపించకపోతే ఈ ఇల్లు ఏడాదిపాటు ఎందుకూ పనికిరాదు. నేను అద్దె గదిలోనే, ఒక్కదాన్నే ఉండాలి.

“వెనక్కి పంపేయి,” అన్నాను.

“అత్తయ్యా!”

“నీ గది అలాగే ఉంటుంది. వెళ్ళు.”

ఆమె నా కాళ్ళకు దణ్ణం పెట్టి, “కాలువలు కట్టిన రోజే వస్తాను,” అంది. నమ్మానని చెప్పలేను. కారు వెళ్ళాక పల్లంరాజు చేత గొయ్యి చుట్టూ వెదురు దడి కట్టించాను, ఎవరూ పడకుండా. సెల్లార్‌లో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. బకెట్ తీసుకుని దిగాను.

“ఎందుకమ్మా, తోడేకొద్దీ ఊరుద్ది,” అన్నాడతను పైనుంచి.

నిజమే. తోడేకొద్దీ ఊరుతోంది. కొంగు నడుముకు దోపి, నింపిన ఇంకో బకెట్ అతన్ని పైకి అందుకోమన్నాను.