మంద పెట్టిన చెలక

పాలమూరులో ఉప్పలమ్మ ఇంటి ముందరి గదికి కిరాయి ఐదు రూపాయలు, తిట్లు పుక్కటికి. మనిషి మాత్రం చెడ్డది కాదు. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి ఆ గది, ఊరవతల రెండెకరాల చెలక. సారం చచ్చిన ఆ చెలకలో వేసిన విత్తనాలే తిరిగి రావడం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టాలంటే కిరాయి చేతికందాల్సిందే.

గదిలో ఉండేది ఐలేశం. స్టేషన్లో బస్తాలు మోసే హమాలీ. నయా పైసలు కొత్తగా వచ్చిన ఆ ఏడాది పంటలు దెబ్బతిని బస్తాల రాక తగ్గింది. ఒక నెల మూడు రూపాయలిచ్చాడు, ఒక నెల రెండు. తర్వాత అదీ లేదు. ఉప్పలమ్మ రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి వాడకట్టంతా వినేలా అడిగేది.

"పైసల్లేనోనికి అర్రెందుకురా? అమాస దాటితె మూట గట్టుకో!"

ఐలేశం తల వంచుకుని పనికి పోయేవాడు. అతని భార్య గుర్వమ్మ పిల్లలిద్దరినీ లోపలికి లాక్కునేది.

అమావాస్య నాలుగు రోజులుందనగా, ఐలేశం వాళ్ల అన్న సైదులు గొర్రెల మందను మేతకు తోలుకుపోతూ ఊరి పక్కన దిగాడు.

"అవ్వా, మా అన్న మంద రాత్రిళ్లు నీ చెలకల పెట్టిస్త, ఎరువైతది. బాకీల పట్టుకో," అన్నాడు ఐలేశం.

"ఎరువు ఏస్తె పంట ఎప్పుడో వస్తది. అందాక నేనేం తినాలె?" అని విసుక్కుంది ఉప్పలమ్మ. అయినా గుడ్డి కన్నా మెల్ల నయమని ఒప్పుకుంది. "అర్ర మాత్రం ఖాళీ జెయ్యాల్సిందే," అని కూడా అంది.

రెండు రాత్రులు మంద ఆ చెలకలో పడుకుంది. నేలంతా పెంటికలు పరుచుకున్నాయి. రైతులు జొన్నలు కొలిచిచ్చి మరీ మంద పెట్టించుకునే సీమ అది, అయినా అందరికీ వంతు దొరకదు. పక్క చేను చెన్నయ్యకు కడుపు మండింది. మర్నాడే వచ్చి వాకిట్లో ఐలేశాన్ని పిలిచాడు.

"నా పెరట్ల అర్ర ఖాళీగుంది, కిరాయొద్దు. మంద ఎప్పుడొచ్చినా నా చేన్ల పెట్టించు, సాలు."

లోపలున్న ఉప్పలమ్మ అంతా వింది. ఏటా రెండుసార్లు ఆ దారినే వచ్చే మంద. చెలక బతికే దారి దొరికితే, దాన్ని తన నోటితోనే గెంటేసుకుంది. గదిలోకి పోయి చూస్తే గుర్వమ్మ అప్పటికే గిన్నెలు మూట కడుతోంది.

"మూట ఇప్పు బిడ్డా. ఐలేశం, నాలుగు రూపాలే ఇయ్యిరా," అంది ఉప్పలమ్మ. అతను వాకిట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పోనీ, మూడు."

"తగ్గియ్యకు అవ్వా. పుక్కట్ల ఉండుడు నాకు గాదు, చెన్నయ్య కాడికి పోను. నీకు ఐదుకైదూ ఇస్త. జర ఎనకముందైతది. గప్పుడు వాకిట్ల నిలబడి తిట్టకు, లోపలికొచ్చి అడుగు."

"తిడితె ఏమైందిరా? నా నోరే గంత."

"నిన్న మా పిల్లలు ఆడుకుంటుంటె చూసిన. పెద్దది చీపురు పట్టుకోని నువ్వైంది, చిన్నోడు నేనైండు. ఆట అయిపోయినా వాడు తల ఎత్తలే అవ్వా."

ఉప్పలమ్మకు సిగ్గేసింది. గుర్వమ్మ చేతిలోంచి మూట తీసుకుని ముడి తానే విప్పింది.