మోకాలెత్తు తడిక

తవిటమ్మ రెండో వైపు మూడో ముడి కూడా బిగించి, తడికని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు. అయినా నమ్మకం కుదరక మోకాలితో ఒక పోటు పొడిచింది. పాత చీర అంచు చింపి పేనిన పీలికలు గుమ్మానికి అటూ ఇటూ ఉన్న మేకుల్ని గట్టిగా పట్టుకున్నాయి. వెదురు బద్దలు దగ్గర దగ్గరగా అల్లింది కాబట్టి కింద నుంచి కుక్కపిల్ల ముట్టె కూడా దూరదు.

ఆ ఇంటి పెద్దామె లక్ష్మణమ్మ, బాలింత కోడలికి కాయం మందు ముద్ద పట్టుకొచ్చి గుమ్మం ముందు ఆగిపోయింది.

"ఇదేటే, గుమ్మానికి అడ్డంగా? కాలు తగిలి బోర్లా పడితే నా నడుం ఎవులు సూస్తారు?"

"దాటుకెల్లండమ్మా. మీకు కాళ్ళున్నాయి. కూనొస్తే తప్పుకోడానికి సంటోడికి నేవు."

"మద్దేనానికి ఇప్పేయాల. ఇంటికొచ్చినోళ్ళు నవ్వుతారు," అంటూ లక్ష్మణమ్మ చీర పైకెత్తి దాటింది.

తవిటమ్మ మాట ఆ ఇంట్లో విన్నవాళ్ళెవరూ లేరు. ఇరవై ఏళ్ళుగా పశువుల సాల ఊడ్చి, పేడ తట్ట నెత్తిన పెట్టి, దొడ్డి వెనక పెంట మీద పోస్తోంది. తట్ట మోసిన చోట నడినెత్తిన జుట్టు రాలి నున్నగా తేలింది. అరచేతుల గీతల్లో పేడ ఎంత కడిగినా పోదు. ఆమె మాట్లాడితే గాలి మాట్లాడినట్టే. అందులోనూ కుక్కల సంగతి ఎత్తితే మరీ లోకువ. బిడ్డ మూతికి పాలుంటే తుడవండి, ఉయ్యాల ఎత్తుగా కట్టండి, రెప్పపాటైనా ఒంటరిగా వదలకండి, కూన పళ్ళు కూడా పళ్ళే అని ఇరవై రోజులుగా పోరుతోంది. "తవిటికి కుక్క పిచ్చి పట్టింది," అని జోగయ్య నవ్వేవాడు. జోగయ్య ఆ ఇంటి పాలేరు. ఎద్దులతో తప్ప ఎవరితోనూ సూటిగా మాట్లాడడు.

తవిటమ్మకి తెలిసింది వాళ్ళకి తెలీదు. ముప్పై ఏళ్ళ కిందట ఆమెకీ ఓ కొడుకుండేవాడు, అప్పన్న. పదకొండో నెల. అంబలి తాగించి, మూతి తుడవకుండా చాప మీద కూర్చోబెట్టి, కడవతో నీళ్ళకి వెళ్ళింది. వచ్చేసరికి మొగుడు తెచ్చిన కుక్కకూన వాడి మూతి నాకుతోంది. చెంప మీద బియ్యపు గింజంత గాటు. "కూన ముద్దెట్టుకున్నాది," అని ఇరుగు పొరుగు నవ్వారు. తనూ నవ్వింది. పసుపు అద్దింది. నాలుగో రోజున కూన చచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. నలభై రోజులకి అప్పన్న గ్లాసులో నీళ్ళు చూసి కెవ్వుమన్నాడు. ఆపైన రెండు రోజులే. ఆ ఏడే మొగుడు కూలికి ఓడెక్కి బర్మాలోని రంగం పోయాడు. రంగం నుంచి ఓడలొచ్చాయి గాని మనిషి రాలేదు. అప్పుడు నవ్వినందుకు తవిటమ్మ తనని తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

అంత జరిగాక కూడా ఓ కుక్క ఆమె వెంట పడింది. ఒళ్ళంతా చుక్కలుంటే సుక్కి అని పిలిచింది. ముద్దు చేసేది కాదు, గడప తొక్కనిచ్చేది కాదు. తన గంజిలో సగం దానికి పోసేది, అంతే. లక్ష్మణమ్మ కొడుకు, ఆ ఇంటి యజమాని బుగత నరసింగరావు భార్య పద్మకుమారి మగబిడ్డని కన్న మర్నాడే సుక్కి పెంట పక్కన గడ్డిలో ఐదు పిల్లల్ని పెట్టింది.

పద్మకుమారికి అంతకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. అందుకని ఈ మూడోవాణ్ణి ఇరవైయొకటో రోజున పెంట మీద వేసి తవుడుకి కొనాలని లక్ష్మణమ్మ మొక్కుకుంది. చేటలో పడుకోబెట్టి పెంట మీద వదిలేసి, కన్నవాళ్ళు వెనుదిరిగి నడవాలి. కొనుక్కునేదాకా తిరిగి చూడకూడదు. పరాయి మనిషి వచ్చి ఎత్తుకుని, దొరికిన బిడ్డని అమ్మాలి. అప్పుడు చావు కూడా ఈ బిడ్డ వీళ్ళది కాదనుకుని పోతుందట. ఎత్తుకునే వంతు తవిటమ్మది. ఆమెనీ పుట్టినప్పుడు అలాగే కొన్నారు కదా, యాభై అయిదేళ్ళు బతికింది కదా, ఆ చెయ్యి మంచిదన్నారు. తవుడుకి కొన్న మనిషికి ఆ తరవాత ధర పెరిగింది లేదు గాని, బతకడం మాత్రం బతికింది.

ఆ ఇరవైయొకటో రోజు పొద్దున తడిక పని కాగానే తవిటమ్మ పేడ తట్ట తిరగేసి దులిపి, కూనల్ని అందులో వేసుకుంది. దొరికినవి నాలుగే. ఐదోది, నల్ల మూతిది, లేదు. గడ్డి అంతా కెలికింది. పెంట చుట్టూ వంగి వెతికింది. నాలుగింటినీ రైలు కట్ట అవతల తాటితోపులో దింపి, వెంట వచ్చిన సుక్కిని పీచు తాడుతో చెట్టుకి కట్టేసి పరుగున వచ్చింది.

"అమ్మా, ఒక కూన దొరకనేదు. దొరికేదాకా ఆగండమ్మా."

"నక్కెత్తుకుపోయుంటాదప్పా," అన్నాడు జోగయ్య.

"నక్కెత్తుకుపోతే తల్లి ఏడవదేటి? నిన్న రేతిరి అది కిక్కురుమననేదు. ఇక్కడే ఉన్నాది. పిల్లల నెక్క అది మరిసిపోదురా."

"ముహూర్తం దాటిపోతాది. కుక్క కోసం కూకుంటామేటి?" అంది లక్ష్మణమ్మ.

"నీ కుక్క మంచిదే గదా తవిటప్పా, ఎవులినీ కరవనేదు గదా?" అని తడిక లోపల నుంచి పద్మకుమారి అడిగింది. ఆ గొంతులో భయముంది. ఇద్దరు పోయిన తల్లి కదా.

"పిల్లల తల్లి మంచిదీ కాదు, సెడ్డదీ కాదమ్మా. అప్పుడది ఎవుల కుక్కా కాదు."

ఎవరూ ఆగలేదు.

తవిటమ్మ గడ్డిమేటు వెనక నక్కి నిలుచుంది. లక్ష్మణమ్మ చేట దింపింది. అత్తా కోడళ్ళు, వెనక నరసింగరావు, ముగ్గురూ వెనుదిరిగారు. పది అడుగులు వెయ్యాలి. రెండు వేశారు, మూడు వేశారు. అప్పుడు చేట కిందే, పెంటలో వర్షం తవ్విన బొరియలోంచి సన్నగా కుయ్యిమంది.

తవిటమ్మ గడ్డిమేటు వెనక నుంచి పరుగెత్తింది. అటువైపు నుంచి సుక్కి వస్తోంది, కొరికిన తాడు ముక్క మెడకి వేలాడుతూ. ఐదేళ్ళు తన గంజి తాగిన కుక్క కళ్ళలో ఆమె ఎవరో తెలిసిన జాడ లేదు. తవిటమ్మ చేట మీద బోర్లా పడింది. మోచేతి కింద కండలో పళ్ళు దిగాయి. అరవలేదు. అరిస్తే తల్లి తిరిగి చూస్తుంది, చూస్తే బిడ్డ దక్కడు. పళ్ళ బిగువున ఓర్చుకుని, చేట గుండెకి హత్తుకుని లేచి, వెనక్కి వెనక్కి నడిచింది. దారి దొరకగానే సుక్కి ఆమెని వదిలి బొరియలో తల దూర్చింది.

తవిటమ్మ బిడ్డ మూతి చూసింది. చెంపలు చూసింది. వేళ్ళు, కాళ్ళు, చెవులు చూసింది. ఎక్కడా గీత లేదు. అప్పుడు పది అడుగులూ నడిచి, వాళ్ళ వీపుల వెనక నిలబడి అంది:

"పెంట మీద బిడ్డ దొరికినాడు. కొంటారేటి?"

"తవుడుకి కొంటాం," అని లక్ష్మణమ్మ తిరిగి, దోసెడు తవుడు ఆమె కొంగులో పోసింది. మోచేతి నెత్తురు బొట్లు బొట్లుగా తవుడులో పడింది. పద్మకుమారి బిడ్డని లాక్కుని కెవ్వుమంది.

"దాన్ని సంపకండి బాబూ! పది దినాలు కట్టేసి సూడండి. పిచ్చిదయితే అదే సస్తాది, కాపోతే బతుకుతాది. సంపేస్తే ఎలా తెలుస్తాది?" అని తవిటమ్మ బతిమాలుతూనే ఉంది. జోగయ్య దుడ్డుకర్ర అప్పటికే లేచింది. ఎద్దుల్ని ఒక్క దెబ్బ వెయ్యని మనిషి, మూడు దెబ్బలు వేశాడు. సుక్కి బొరియ మూతి దగ్గరే ఒరిగింది. నల్ల మూతి కూన దాని కడుపు కిందికి చేరి పాలు తాగసాగింది.

మధ్యాహ్నానికి ఇంటి తీరు మారిపోయింది. పెంట మీద ఎత్తుకున్న మనిషిని బిడ్డకి మరో తల్లి అంటారు, పసుపు చీర పెడతారు. తవిటమ్మకి మాత్రం సాల అరుగు మీద ఆకు వేసి దూరం నుంచి అన్నం వడ్డించారు. నీళ్ళ చెంబు పెట్టి లక్ష్మణమ్మ అక్కడే నిలబడింది, తాగుతుందా లేదా అని. తవిటమ్మకి ఆ చూపు తెలుసు. తనూ ఓ గ్లాసు వంక అలాగే చూసింది ఒకప్పుడు. చెంబెత్తి గటగటా తాగేసింది. అయినా లక్ష్మణమ్మ మొహం విచ్చుకోలేదు.

"ఇజీనారం ఆసుపత్రిలో బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులేస్తారు. ఏయించుకుని, సీకూర్మంలో మీ సెల్లి కాడుండు. మేం కబురెడతాం," అన్నాడు నరసింగరావు. చెడ్డవాడు కాదు. కళ్ళలోకి చూడలేకపోయాడు, అంతే.

"ఎల్లేముందు ఒక్కపాలి సంటోణ్ణి సూస్తాను బాబూ. దూరంనుంచే."

"కుక్క కరిసిన మనిసివి. వద్దులే," అంది లక్ష్మణమ్మ. తడిక అవతల పద్మకుమారి ఏడుస్తూనే తలుపు ఓరగా వేసింది.

తవిటమ్మ తలుపు వంక మాట్లాడింది. "అమ్మీ, పాలిచ్చినాక మూతి తుడవడం మరిసిపోకే."

చీపురుపల్లి స్టేషనుకి జోగయ్య సాగనంపాడు. రైలు కట్ట దాటుతుంటే తాటితోపులో నాలుగు కూనలు ఏడుస్తున్నాయి. ఆమె కాళ్ళు అటు తిరిగాయి. "బండి అందదప్పా," అన్నాడతను. మేకపాలు పోస్తానని ఒట్టేశాడు, పోశాడో లేదో ఎవరికీ తెలీదు. సాయంత్రం పాసింజరు వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి దూరంగా, పెట్టెలో కింద కూర్చుంది. ఆ తరవాత ఆ ఇంటి నుంచి కబురు వెళ్ళలేదు. తవిటమ్మ మళ్ళీ రాలేదు.

ఆమె బండెక్కిన ఆ సాయంత్రమే, దీపాలు పెట్టేవేళకి నల్ల మూతి కూన దొడ్డంతా తిరిగి తిరిగి, పాల వాసన పట్టుకుని బాలింత గది దగ్గరికి వచ్చింది. ఓరగా ఉన్న తలుపు సందులోంచి దూరబోయి ఆగిపోయింది. ముందు కాళ్ళు ఎత్తి ఆనించింది, గోళ్ళతో గీరింది, కింద ముట్టె దూర్చి చూసింది. లోపల పద్మకుమారి బిడ్డ మూతి చీర చెంగుతో తుడుస్తూ ఆ గీరుడు వింటోంది. మధ్యాహ్నానికి విప్పేయాలన్న మాట లక్ష్మణమ్మ మళ్ళీ ఎత్తలేదు. గుమ్మానికి అడ్డంగా తడిక అలాగే ఉంది, మోకాలెత్తున, అటు మూడు ముళ్ళూ ఇటు మూడు ముళ్ళూ సడలకుండా.