మెరుగుపడ్డ ఇళ్ళు

మా అత్తకు నేను చాటుగా పెట్టిన పేరు జడ్జిగారు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నేను కుట్టే కాజాల దాకా ఆవిడ తీర్పు చెప్పని విషయం లేదు. దర్జీ కొట్టు నుంచి చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టి ఇవ్వడం నా పని. మా ఆయన రంపపు మిల్లులో దుంగలు మోస్తాడు. ఇద్దరు పిల్లలు, పైన జడ్జిగారు. ఉన్నది ఒకటే గది. మధ్యలో దుప్పటి తెర, తెర వెనక అత్త మంచం.

పోయినేడు మా వీధికి లెక్కలమ్మాయి వచ్చింది. దేశంలో జనం కడుపునిండా తింటున్నారో లేదో కొలుస్తారట. వీధికి పదిళ్ళు ఎంచితే అందులో మాదొకటి. ఆ పదిళ్ళ లెక్క చూసే, వీధికి నెలనెలా ఉచితంగా ఇచ్చే బియ్యం ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. ఆ బియ్యం లేకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు.

"పోయిన నెలలో మీ ఇంట్లో ఎవరైనా తిండి చాలక రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా?" అని అడిగిందా అమ్మాయి. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"మా ఇంట్లో అందరం తింటాం. రాసుకో."

పరువు ముందు పుట్టి, ఆవిడ తర్వాత పుట్టింది.

"ఇదంతా రాసుకుని ఏం చేస్తావమ్మా?" అని ఎదురడిగింది.

"వారంలో మీరు వండిందంతా కలిపి, ఇంట్లో ఉన్నవాళ్ళతో భాగిస్తామండి మామ్మగారూ. తలకి ఇంత అని తేలుతుంది. ఇళ్ళన్నీ కలిపితే వీధికి, వీధులన్నీ కలిపితే దేశానికి."

"అంటే ఓ తల తగ్గితే మిగతావాళ్ళకి పెరుగుతుందన్నమాట."

"లెక్క ప్రకారం అంతేగా!" అని నవ్విందా అమ్మాయి. నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వకుండా అన్నం గిన్నె వంక చూసింది.

ఆ వారం నుంచే మొదలైంది. కంచం పెట్టబోతే, "పక్కింటావిడ ఒకటే బలవంతం, అక్కడ తినొచ్చాను. నాది చిన్నాడికి పెట్టు" అనేది. నాకు ఒళ్ళు మండిపోయింది. కోడలు తిండి పెట్టడం లేదని వీధంతా చాటడానికి కాకపోతే ఏమిటిది? పక్కింటావిడతో మాటలు మానేశాను. అత్తతోనూ ఓ రోజు అనేశాను, "అక్కడి వంటే మీకు రుచిగా ఉంటే అక్కడే తినండి" అని. సరేనంది. ఆవిడ చీరకి కుచ్చిళ్ళు ఎక్కువవుతున్నా నా కంటికి ఆనలేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే కళ్ళు నావి.

చలికాలంలో ఓ పొద్దున అత్త లేవలేదు. డాక్టరు వచ్చి, వయసైపోయిందన్నాడు. శవం దగ్గర పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"రోజూ వచ్చి మా గుమ్మంలో కూర్చునేది పాపం. ఏమైనా తినమంటే, మా కోడలు కడుపునిండా పెట్టింది అని మంచినీళ్ళు తాగి వెళ్ళేది."

అక్కడ తిన్నానని ఇక్కడ, ఇక్కడ తిన్నానని అక్కడ. ఏడుపు కంటే ముందు నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ కోపమే. ఎవరడిగారు ఈవిడని? నాతో ఒక్క మాటైనా అనకుండా తీర్పు ఇచ్చేసుకుంటుందా?

ఎండలు మొదలయ్యాక, మొన్న, లెక్కలమ్మాయి మళ్ళీ వచ్చింది. అవే ఇళ్ళు, అవే ప్రశ్నలు. చాప మీద కూర్చుని ఫోను తీసింది. వారానికి వండే బియ్యం ఎంతో చెప్పాను. పోయినసారి చెప్పినంతే.

"ఐదుగురేనాండీ?"

"నలుగురైతే ఏమవుతుంది?" అన్నాను.

"మీ ఇల్లు గీత దాటుతుంది. మెరుగుపడినట్టు లెక్క. ఈ వీధిలో ఇప్పటికే కొన్ని మెరుగుపడ్డాయండీ. ఇంకొక్కటి దాటితే బియ్యం ఆపేస్తారు."

"ఏ ఇళ్ళు?"

చెప్పింది. గడియారాలు బాగుచేసే ఆయన ఇల్లు, దాని ఎదురిల్లు, కుళాయి పక్కన కవలల ఇల్లు. ఈ చలికాలం ఆ ఇళ్ళన్నిట్లోంచీ శవాలు లేచాయి. కవలల్లో ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు.

తన ముద్ద పిల్లలకి వదిలేసి పోయింది జడ్జిగారు. ఆవిడ పోవడమే ఇప్పుడు పిల్లల కంచంలో ఉన్నది కూడా లాక్కుపోతుందట.

"ఐదుగురమే," అన్నాను.

మా పెద్దపిల్ల చటుక్కున నా మొహంలోకి చూసింది. కళ్ళతోనే దాని నోరు మూయించాను.

"మామ్మగారేరీ?"

"తెర వెనక పడుకుంది. ఒంట్లో బాగాలేదు."

లెక్కలమ్మాయి అటు చూసింది. తెర చిరుగులోంచి మంచమూ, దాని మీద చొక్కాల మూటా కనిపిస్తూనే ఉన్నాయి. లేచి వెళ్ళి చూడొచ్చు. లేవలేదు. ఫోను వంక తిరిగి తర్వాతి ప్రశ్న చదివింది.

"పోయిన నెలలో మీ ఇంట్లో ఎవరైనా తిండి చాలక రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా?"

ఈసారి నాకంటే ముందు అందుకునేవాళ్ళు లేరు.

"ఉన్నారు."

"ఎవరు?"

"మా అత్త."

"ఎన్ని రోజులు?"

"నెలంతా," అన్నాను.

ఆ అమ్మాయి వేలు ఫోను మీద ఆగిపోయింది. కాసేపటికి, తలెత్తకుండానే, ముప్ఫై అని నొక్కింది.