ఇరవై మూడో అద్దం

గాలిలో టీవీ బొమ్మలు నడిచే దారిని ప్రభుత్వం వేలం వేసిందట, సెల్‌ఫోన్ కంపెనీలు కొనుక్కున్నాయట. నలభై ఏళ్లుగా ఆ దారిన నడుస్తున్న లోయవాళ్ల టీవీని పక్కకు జరగమన్నారు. ఈ మోంటానా లోయలో సెల్‌ఫోన్ మోగిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

ఆగస్టు నెల, ఉదయం పదిన్నర. కొండ నెత్తిన రేకుల గదిలో నోరిస్ ట్వైట్ పాత టీవీ ప్రసార యంత్రాన్ని ఆపి కొత్తదాని మీట నొక్కాడు. నూట ఇరవై మైళ్ల అవతల పట్నంలో మాట్లాడుతున్న మనిషి ముఖం కొండలెక్కి వచ్చి, ఈ డబ్బాలో దూరి, కొత్త దారిన కింద ఇరవై మూడు ఇళ్లలోకి దిగాలి. ఇన్నేళ్లు చేసిన పనే అయినా, తలుచుకుంటే నోరిస్‌కు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బొమ్మ అందినవాళ్లు వాకిట్లోకొచ్చి అద్దంతో ఎండను కొండ మీదికి కొట్టాలి. లోయలో అదే పద్ధతి. ఇంటికొక మెరుపు. నోరిస్ అన్న లోవెల్ మాత్రం మూడు కొట్టేవాడు: ఒకటి బొమ్మకు, ఒకటి మాటకు, ఒకటి తమ్ముడికి. పోయిన చలికాలం లోవెల్ చనిపోయాడు.

ముప్పై ఏళ్లు ఆ ఇళ్లకు ఉత్తరాలు పంచిన ఆర్లిస్ అతని పక్కనే నిలబడి దుర్భిణిలోంచి చూస్తోంది. లోయంతా చుక్కలు పొడిచినట్టు మెరిసింది. నోరిస్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఇరవై రెండు," అంది ఆర్లిస్. "మీ వదిన ఇల్లు మాత్రం ఉలకదు, పలకదు."

నోరిస్ లోయ చివరికి చూపు తిప్పాడు. అవతలి కొండలు కార్చిచ్చుతో తగలబడుతున్నాయి. ఎప్పుడు ఇల్లు వదలాలో, ఏ దారిన పోవాలో చెప్పేది ఆ టీవీ ఒక్కటే. వదిన కొరీన్ లోయ చివర ఒంటరిగా ఉంటుంది. రిమోట్‌తో చానెళ్లను మళ్లీ వెతికిస్తే తప్ప ఆమెకిక బొమ్మ రాదు.

నిన్న ఆమె ఇంటికెళ్లి చెప్పి చూశాడు.

"తెర మీద మన తొమ్మిదో చానెల్ తొమ్మిదిగానే ఉంటుందన్నావుగా! ఇంకా వెతకడమేంటి?" అంది కొరీన్.

"అంకె అదే వదినా, అది వచ్చే దారే మారింది. మళ్లీ వెతికిస్తే చానెళ్ల పాత వరస పోయి కొత్తది వస్తుంది."

"ఆ వరస మీ అన్న తన చేత్తో పెట్టింది. దాన్ని నా చేత్తో తుడిచెయ్యమంటావా?"

నోరిస్‌కు తిక్కరేగింది. "అన్నయ్య ఆ రిమోట్‌లో లేడు వదినా! నీ ఇంటి కప్పు మీద యాంటెన్నా బిగించిందెవరు? నేను పైనుంచి ఏం పంపినా ఆయన చేతిమీదుగానే నీ ఇంట్లోకి రావాలి."

కొరీన్ అతని ముఖం మీదే తలుపు వేసింది.

"నోరిసూ, గంటైంది. మొండిఘటం, నొక్కదు. పద," అంది కొండ మీద ఆర్లిస్, దుర్భిణి దించి.

"ఇంకాస్త ఆగు."

లోయ చివర ఏదో తళుక్కుమంది. ఆర్లిస్ దుర్భిణి ఎత్తింది. "అమ్మయ్య! ఇరవై మూడు!"

నోరిస్ కదల్లేదు. రెండోది మెరిసింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

మూడోది వణుకుతూ వచ్చింది. నోరిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.