నోరు తెరవని పగులు

పొద్దున్నే బావ ఫోన్ చేసి బొమ్మ కావాలన్నాడు.

"నీ అంకెలు మా పైవాళ్ళ బుర్రకెక్కవు మరదలా. రంగులేసిన బొమ్మ ఒకటి తీసివ్వు, ఆఫీసు గోడకి అంటిస్తాను. మధ్యాహ్నం అటే వస్తున్నాలే" అని, ఆమె ఊఁ అనేలోపే పెట్టేశాడు.

ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. సెలవు పెట్టి రెండ్రోజులు పడుకుంటే పోయే అలసట కాదది. ఇన్నేళ్ళుగా ఒకే సంగతిని వినని వాళ్ళకి చెప్పీ చెప్పీ ఎముకల్లోకి దిగిపోయిన అలసట. ఆఫీసులో ఆమెకి చుక్కలమ్మ అని పేరు. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు కాఫీ మిషన్ దగ్గర ఎదురుగానే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒక ఇనప దూలం బరువు మోస్తే ఎక్కడ ఎంత వంగుతుందో కంప్యూటర్లో తేల్చాలంటే లోకమంతా ముందు దానిమీద ఒక వల అల్లుతుంది. వల కళ్ళన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, లెక్క ఆ ముడుల వెంట నడుస్తుంది. దూలం బాగున్నంతకాలం వల కూడా బాగుంటుంది. పగులొచ్చిందంటే మాత్రం వల కోసి మళ్ళీ అల్లాలి, పగులు జరిగినప్పుడల్లా ఇదే తంతు. ఈమె పద్ధతిలో వలే లేదు. చుక్కలు చల్లడమే. ప్రతి చుక్కా తన చుట్టూ ఒక గీత గీసుకుని, అందులో ఉన్న చుక్కల్ని ఇరుగుపొరుగుగా చూసుకుని, వాటితో బరువు పంచుకుంటుంది. పగులు ఎటు పోయినా అల్లేదీ లేదు, కోసేదీ లేదు. వినడానికి ఇంత హాయిగా ఉన్న పద్ధతి చెయ్యడానికి మాత్రం ప్రాణం తీస్తుంది. అందుకే ఆ విభాగంలో చివరికి ఆమె, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన మిగిలారు.

బావంటే అక్క మొగుడు. సరుకు దింపే యార్డులో రిపేర్లు ఆయనే చూస్తాడు. అక్కడి పెద్ద క్రేను చెయ్యి మొదలు దగ్గర, పైవైపున, పగులొకటి కనబడింది. అతుకు వెయ్యడానికి కొత్త ఇనప పలక వచ్చేదాకా క్రేను ఆపాలా, నడపొచ్చా అన్నది ప్రశ్న. వలవాళ్ళు చాలా టైం పడుతుందన్నారు. పైవాళ్ళు ఆపడానికి వీల్లేదన్నారు. బావ నడుమ నిలబడి, "మా మరదలుంది, తేల్చేస్తుంది" అన్నాడు. ఆమె తేల్చింది. "పగులు పెరగదు బావా, నడుపుకోండి" అని పోయిన వారమే చెప్పింది. ఆ మాట చెప్పిన సాయంత్రం ఆమె ఏ కారణం లేకుండా నవ్వుకుంటూ ఇంటికెళ్ళింది.

బొమ్మ తియ్యడం పెద్ద పనేం కాదు. దూలం నిజంగా వంగేది వెంట్రుకవాసి, అది కంటికి ఆనదు, అందుకని వంపుని ఎన్నో రెట్లు పెంచి గీయిస్తారు. ఆమె గీయించింది. క్రేను చెయ్యి చివర బరువుకి బుద్ధిగా కిందికి వంగింది. ఎరుపు, పసుపు చక్కగా పడ్డాయి. ప్రింటు ఇవ్వబోయి ఆగిపోయింది.

పగులు అలాగే ఉంది, పెన్సిల్‌తో గీసిన గీతలా.

చెయ్యి కిందికి వంగితే పైవైపు సాగాలి. పైవైపు సాగితే పగులు పెదాలు రెండూ విడిపోవాలి. అన్ని రెట్లు పెంచిన బొమ్మలో అది నోరు వెళ్ళబెట్టుకుని ఉండాలి. రంగుల తప్పేమోనని మళ్ళీ గీయించింది. ఇంకా పెంచి గీయించింది. పగులు కిమ్మనలేదు.

అప్పుడు ఆమెకి అర్థమైంది. చుక్కకి దూరమే తెలుసు, అడ్డు తెలియదు. పక్కపక్క వాటాల్లో ఉన్నవాళ్ళు గోడకి అటూ ఇటూ జానెడు దూరంలోనే పడుకుంటారు. అంత మాత్రాన గోడలోంచి చెయ్యి చాపి చెంబెడు నీళ్ళు అందిస్తారా? పగులుకి ఇటున్న చుక్క అటున్న చుక్కతో బరువు పంచుకోకూడదని ప్రోగ్రాముకి మనమే చెప్పాలి. దానికో తనిఖీ ఉంది. పగులు చివర చుక్కలకి పొరుగు చాలక లెక్క మాటిమాటికీ మధ్యలో ఆగిపోతుంటే, ఒకరోజు విసుగెత్తి ఆమే చుక్క చుట్టూ ఉండే గీతని పెద్దది చేసి, ఆ తనిఖీని తీసేసింది. ఒక్కసారికే, నడుస్తుందో లేదో చూద్దామని. నడిచింది. నున్నగా, ముద్దుగా అంకె వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషికి అలాంటి అంకె వస్తే ఎక్కణ్ణించి వచ్చావని నిలదీస్తుందా? లేని ఇనుముతో కుట్టేసిన పగులు మరెలా పెరుగుతుంది అన్న ఆలోచనే రాలేదు.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ బల్లమీద పెట్టేసింది.

ముందు సరిగ్గా లెక్క కట్టి చూద్దాం అనుకుంది. అసలు అంకె కూడా పగులు పెరగని హద్దులోనే ఉండొచ్చుగా. అప్పుడిక బావని కంగారు పెట్టడం దేనికి, పైవాళ్ళ ముందు ఆయన పరువు తియ్యడం దేనికి? అంతా సబబుగానే ఉంది. తనిఖీ పెట్టి, పగులు చుట్టూ ఇంకాసిని చుక్కలు చల్లి, లెక్క వదిలి, లెక్క ఎంతవరకూ వచ్చిందో చూపిస్తూ తెరమీద నత్తలా కదిలే పచ్చగీతని చూస్తూ కూర్చుంది. కాఫీ తెచ్చుకుంది, తాగలేదు. పచ్చగీత సగం దాటింది.

పెద్దాయన అటుగా వస్తూ ఆమె మొహం చూసి ఆగాడు. తెరమీద బొమ్మ చూశాడు. వివరించాల్సిన పని లేకపోయింది. ఖాళీ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"నేనైనా బొమ్మ అడగాల్సింది" అన్నాడు. "నువ్వు చేశావు కదా అని వదిలేశాను."

"ఇంకాసేపట్లో సరైన అంకె వచ్చేస్తుంది సార్."

"క్రేను నడుస్తోందా?"

ఆమె బల్లమీది ఫోన్ వంక చూసింది.

"అంకె ఎక్కడికీ పోదమ్మా. ముందు ఫోన్ చెయ్యి."

చేసింది. బావ గొంతు వెనక మోటారు హోరు, ఇనుము కిర్రుమనే చప్పుడు. "క్రేను ఆపించు బావా" అంది. "ఎందుకు? నువ్వేగా..." అన్నాడు. "నేనే. తప్పు చేశాను. ఇప్పుడే ఆపించు." బావ ఎవరినో కేకేశాడు. హోరు మెల్లమెల్లగా తగ్గింది. "ఆపాను" అని పెట్టేశాడు.

సరైన అంకె వచ్చింది. హద్దు దాటి, చాలా దూరమే ఉంది. కొత్త బొమ్మలో పగులు నోరు వెళ్ళబెట్టింది.

మధ్యాహ్నం బావ వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే వేళాకోళం మొదలుపెట్టే మనిషి, మాట్లాడకుండా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వాటిని చూస్తున్నాడేగానీ వింటున్నట్టు లేడు.

"క్రేను నడిపే అతను పొద్దున ఎక్కనన్నాడు" అన్నాడు చివరికి. "పగులు చూసి భయపడ్డాడు. అతన్ననేదేముంది, పిల్లలున్న మనిషి. మా మరదలు లెక్క కట్టింది, కావాలంటే దానికిందే నేను నిలబడతాను, నువ్వెక్కు అన్నాను. ఎక్కాడు."

"నిలబడ్డావా?"

"నిలబడక? నీ ఫోన్ వచ్చినప్పుడూ అక్కడే ఉన్నా."

ఆమెకి పచ్చగీత గుర్తొచ్చింది. అది పాకుతున్నంతసేపూ, తను చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని బావ పరువు కాపాడుతున్నంతసేపూ, ఆయన అక్కడ తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఫోన్ చేసేముందే తెలుసు బావా. లెక్క మళ్ళీ కట్టి చెబుదామని ఆగాను."

బావ ఆమె వంక చూశాడు. తిడితే బాగుండుననిపించింది. "మీ అక్కకి చెప్పకు" అని లేచి, బొమ్మలు రెండూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పైవాళ్ళు ఆయన్ని నానా మాటలూ అన్నారని తర్వాత అక్క ద్వారానే తెలిసింది. కొత్త పలక వచ్చింది. పగులు ఇంకా పాకకుండా దాని చివర రంధ్రం తొలిచి, పైన పలక వేసి అతికారు. ఆమె మళ్ళీ చుక్కలు చల్లింది. ఈసారి అంకె కంటే ముందు బొమ్మ గీయించింది. పెద్దాయన చూశాడు, వలవాళ్ళని కూడా పిలిచి చూపించింది. వాళ్ళు నవ్వలేదు.

బావ ఫోన్ చేశాడు. మునుపటిలా మరదలా అనలేదు.

"ఏమంటావు? బాగుందా?"

"బాగుంది బావా. నడుపుకోండి. కానీ కింద మాత్రం ఎవరూ నిలబడొద్దు."

"నువ్వు చెప్పాక కూడానా?"

"నేను చెప్పాక కూడా."